చెల్లె పాసైందిరో

పేపర్లో నా నంబరు పడింది! మా ఇంట్లో బి.ఏ. పాసైన మొదటి మనిషిని నేనే. ఈ కబురు ముందు అన్నకే చెప్పాలి. ఆ సాయంత్రం అన్న మిర్యాలగూడలో ఒక మిల్లు సావుకారి ఇంటి పెళ్లిలో పాడుతున్నాడు. పేపరు చంకలో పెట్టుకొని సూర్యాపేటలో బస్సెక్కాను. పక్కనున్న ముసలమ్మకు నా నంబరు చూపించకుండా ఉండలేకపోయాను.

"అచ్చరమొచ్చినోళ్లకు సూపియ్యి బిడ్డా, నాకేం తెలుస్తది?" అని నవ్వింది.

డెబ్బైల మొదట్లో సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ, ఈ మూడు ఊళ్లలో పెళ్లి కుదిరితే ముందు మా అన్నకే కబురు పంపేవాళ్లు. రైస్‌మిల్లులో బస్తాలు మోస్తూ పాడుకున్న మనిషి మరి. కోదాడలో ఒకాయన, "మీ వాడికి దిష్టి తీయించండమ్మా" అని అమ్మకు చెప్పాడు కూడా.

ఊక దుమ్మో ఏమో, ఆ గొంతు పోయింది. దవాఖానలో పాడొద్దన్నారు. పిలుపులు మాత్రం ఆగలేదు. మైకుసెట్టు ఆయన అంతకుముందే అన్న పాటలు టేపు మిషన్‌లో పట్టి ఉంచాడు. జనం వన్స్‌మోర్ అంటారని ఇప్పుడు ఒక్కో పాటను వెంటవెంటనే రెండుసార్లు ఎక్కించాడు. ఇక తెర వెనక టేపు తిరిగేది, ముందు అన్న పెదాలు కదిపేవాడు. వన్స్‌మోర్ అనగానే దండం పెట్టి మళ్లీ మొదలుపెట్టేవాడు. బయటపడితే అన్న పాట ఖతం. అది మా ఇంట్లో అందరికీ తెలుసు.

నేను పందిట్లోకి వెళ్లేసరికి పాట సగంలో ఉంది. ఆగలేక, జనం మీదుగా పేపరు ఎత్తి ఊపాను. అన్న చూశాడు. నోటి ముందు నుంచి మైకు తీసేశాడు.

"పాసైనవా?"

తలూపాను.

"మా చెల్లె పాసైందిరో! బి.ఏ. పాసైంది!"

బొంగురు గొంతుతో అరిచాడు. పాట ఆగలేదు. మైకు హారన్లలో అన్న గొంతు చరణం అందుకొని హాయిగా పాడుతూనే ఉంది.

ముందు వరసలో ఒకడు పకపకా నవ్వాడు. "ఓ పాటగాడా! నువ్వు మాట్లాడుతున్నవ్ గద, మరి పాడేదెవడు?"

మైకాయన టేపు ఆపేశాడు.

"గది నా గొంతే. ఎన్నడో పట్టిచ్చిన," అన్నాడు అన్న.

"నీదైతే జర పాడు సూద్దాం."

"వన్స్‌మోర్!" అని వెనక నుంచి కేకలు.

అన్న కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. గీరుకుపోయిన గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే అదీ రాలేదు. పెళ్లివాళ్లు రెక్క పట్టుకుని దింపారు.

నా దగ్గరికొచ్చి, "యాడున్నదే నీ నంబరు?" అన్నాడు. చూపించాను. దాని మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. వెనక ఇంకా నవ్వుతున్నారు.

ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. అన్న మళ్లీ బస్తాల కిందికి పోయాడు. ఒకరోజు మైకాయన మిషన్ మా ఇంటికి తెచ్చి ఆ టేపు పెట్టాడు. అన్న అన్నం తింటూ చివరిదాకా విన్నాడు.

"ఎవడోగని, మంచిగ పాడిండు," అని చెయ్యి కడుక్కున్నాడు.