వీపు మీద అరచేయంత ఖాళీ

1993 నవంబరు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరు ముందుగదే నా కుట్టు దుకాణం. మా ఆయన వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టరు, నేను లేడీస్ టైలర్ని. విజయనగరం నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు హిందీ ముక్క రాదు గానీ మిషను మాత్రం బాగా వచ్చు. ఆ ఏటికి పదిహేనేళ్లుగా కుడుతున్నాను. నేనిచ్చిన జాకెట్టు సరిచెయ్యమని తిరిగి రాదని కాలనీలో పేరు. ఆ పేరు నాకు కొంచెం తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

పక్క లైన్లో ఉండే గార్డుగారి అమ్మాయి వసంత ఓ సాయంత్రం నీలం గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, ఐస్ డాన్స్ పోటీకి డ్రెస్ కుట్టాలి."

"ఐసు మీద డాన్సేటే? ఈ ఊళ్లో రంగు ఐసు అమ్మే గోలా బండి మీద తప్ప ఐసెక్కడుందే?"

పడీ పడీ నవ్వింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. అడుగున ఇనప బ్లేడున్న బూట్లు వేసుకుని, ఓ అమ్మాయీ అబ్బాయీ మంచు మీద పాటకి తగ్గట్టు అడుగులో అడుగు కలిపి తిరగాలట. ఎత్తి విసరడాలు ఉండవట. ఒకరినొకరు పట్టుకునే తీరుకే మార్కులు. దాన్ని హోల్డ్ అంటారు. ఇక్కడ స్కూలు సిమెంటు కోర్టు మీద చక్రాల బూట్లతో సాధన చేసి, చలికాలం సిమ్లా వెళ్లి అసలు మంచు మీద పోటీ పడతారు.

ఆమె జోడీ దినేశ్. ధర్సీవా నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చే ఛత్తీస్‌గఢీ కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయి. మూడేళ్లు వరసగా పోటీకి వెళ్లారు, మూడేళ్లూ మధ్యలో చేయి జారి వసంత పడింది. కోచ్ సారు సిమ్లాలో పెరిగిన రిటైర్డ్ మిలిటరీ మనిషి. ఈసారి హోల్డ్ జారితే జోడీ రద్దు అని తేల్చేశాడు.

"దినేశ్ పోతే ఈ ఊళ్లో ఇది తెలిసిన అబ్బాయి ఇంకెవరున్నారు ఆంటీ? నా ఆట అక్కడితో సరి" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను మనసు పెట్టే కుట్టాను. చేతులెత్తితే ఫ్రాకు పైకి లాక్కుపోకుండా చంకల్లో గస్సెట్ వేశాను, అంటే పలకలాటి అదనపు ముక్క. అంతవరకూ బుర్ర బాగానే పనిచేసింది. తర్వాత నా గొప్ప చూపించుకోవాలనిపించింది. తిరిగేటప్పుడు జడ్జీలు చూసేది వీపే కదా అని, వీపు నిండా నెమలి వేశాను. చమ్కీలు, పూసలు, పదకొండు రోజుల పని. కాలనీ ఆడవాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు.

రైలు నాలుగు రోజుల్లో ఉందనగా పొద్దున్నే ట్రయల్‌కి కోర్టుకి వెళ్లాను. నా దగ్గర ట్రయల్ అంటే అద్దం ముందు నిలబెట్టి చూడటమే. ఆడుతుంటే చూడటం అదే మొదలు. టేప్ రికార్డరు పెట్టారు. మొదటి చుట్టు తిరిగారు, నా నెమలి ఎండలో మెరిసింది, నేను పొంగిపోయాను. రెండో చుట్టులో గిర్రున తిరిగేచోట దినేశ్ చేయి వీపు మీంచి జారింది. వసంత మోకాళ్ల మీద సిమెంటు మీద పడింది. లేచి మళ్లీ చేశారు, మళ్లీ జారింది. మూడోసారికి కోచ్ టేపు ఆపేశాడు.

"నాలుగేళ్లయింది, నీ చేతికి పట్టు రాలేదు. ఇక చాలు, సిమ్లా లేదు, ఏమీ లేదు!" అని దినేశ్ మీద విరుచుకుపడ్డాడు.

ఆ కుర్రాడు తల దించుకుని నిలబడ్డాడు. కుడిచేయి మాత్రం వెనక్కి పెట్టుకున్నాడు. నాకెందుకో అనుమానం వచ్చి వెళ్లి ఆ చేయి లాగి చూశాను. ఓలమ్మా! అరచేయంతా పూసలు గీరుకుని ఎర్రటి చారలు.

"ఇదేటి నాయనా? చెప్పొద్దూ?"

"కుఛ్ నహీ, ఆంటీజీ. పదకొండు రోజులు కష్టపడ్డారని వసంత చెప్పింది. మీ పనికి వంక ఎలా పెట్టను?"

సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది. తప్పు కుర్రాడిదేనని అందరూ అనుకుంటున్నారు, నా పేరుకొచ్చిన ఢోకా లేదు. కానీ వసంత మోకాలి రక్తం తుడుచుకుంటూ వాడికేసి చూసిన చూపు నా నోరు తెరిపించింది.

"సార్, వాడి చేతిలో తప్పేం లేదు. తప్పు నా పనిలో ఉంది" అన్నాను వచ్చీరాని హిందీలో.

"మరి పోయినేడూ జారింది కదా?" అన్నాడాయన.

"పోయినేడు ఏం వేసుకున్నావే?" అని వసంతనడిగాను.

"సాటిన్ ఫ్రాక్, ఆంటీ. అంతకు ముందేళ్లూ అదే."

"సాటిన్ మీద పదిహేనేళ్లుగా కుడుతున్న నా వేళ్లే నిలవవు సార్. వీడేం చేస్తాడు?"

"రేపు పొద్దున ఒక్కసారి చూస్తాను" అన్నాడాయన. నేను వసంతని బూట్లతోనే మోకాళ్లు వంచి నిలబడమని, దినేశ్‌ని ఆటలో పట్టుకున్నట్టే పట్టుకోమని చెప్పి, ఆ అరచేయి చుట్టూ సుద్దతో గీత గీశాను. ఇంటికొచ్చి బ్లేడు పెట్టి నా నెమలి పొట్టంతా కోసేశాను. మిగిలిన నీలం గుడ్డనే తిరగేసి, గరుకు వైపు పైకి వచ్చేలా ముక్క వేశాను.

మర్నాడు పాట మొదటి నుంచి చివరిదాకా ఆడారు. చేయి వేసిన చోట వేసినట్టే ఉంది. కోచ్ టేపు వెనక్కి తిప్పి మళ్లీ ఆడించాడు. అప్పటికి గానీ "సామాన్లు సర్దుకోండి" అనలేదు.

సిమ్లాలో నాలుగో స్థానం వచ్చింది. మెడల్ లేదు. అయినా వసంత ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేసి నన్ను పిలిపించి, "ఆంటీ, వదల్లేదు! ఒక్కసారి కూడా వదల్లేదు!" అని అరిచింది. నేనూ ఇటు అరిచాను. ఆ జోడీ ఇంకో ఆరేళ్లు ఆడింది, రెండు మెడల్సు తెచ్చింది. ప్రతి డ్రెస్సుకీ నేను ముందు తీసుకున్న కొలత దినేశ్ అరచేయి.

ఆ తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా కొలతల టేపు తీసేముందు, "ఇది వేసుకుని ఏం చేస్తావమ్మా?" అని అడగడం అలవాటైంది. చంటిపిల్లని ఎత్తుకునే తల్లికి భుజం మీద పూసలు వెయ్యను, ఎంత బతిమాలినా సరే.

ఆట మానేసిన ఏడు వసంత ఆ నీలం ఫ్రాకు తెచ్చి నాకిచ్చింది. చమ్కీలు సగం రాలిపోయాయి. ఆ ముక్క మాత్రం చేయి పడీ పడీ మెత్తగా అయిపోయింది, ఒక్క కుట్టు ఊడలేదు. దుకాణంలో వీపు కనబడేట్టు గోడకి తగిలించాను. కొత్తగా వచ్చినవాళ్లు చూసి, "అయ్యో, అంత మంచి నెమలికి మధ్యలో పని వదిలేశారేంటి?" అంటారు.

"వదల్లేదమ్మా. అది దినేశ్ చేయి పెట్టుకునే చోటు" అంటాను.