గంగులు బావిలో ఎలుగు

ఉద్దానంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో జ్ఞానసుందరికి కొంచెం జీడితోట ఉంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె ప్రార్థన అక్కడే. పొద్దు పొడవకముందే వెళ్లి ఇసకలో మోకరించేది. పూత వాసనకీ, ఆకుల మీది మంచుకీ, చెట్ల వెనక సముద్రపు హోరుకీ స్తోత్రం చెప్పుకునేది. బాప్టిస్టు చర్చిలో పాస్టరుగారి ప్రసంగం వింటూ కునుకు తీసినా, ఆ చెట్ల కింద మాత్రం దేవుడు తన పక్కనే ఉన్నట్టు ఉండేది ఆమెకు.

2017 వేసవిలో ఆ తోటలోనే ఆమె భర్త బెన్హర్ మీద ఎలుగుబంటి పడింది. ప్రాణం దక్కింది గాని ఎడమ కన్ను పోయింది, చెంప చీరుకుపోయింది. అప్పటి నుంచి జ్ఞానసుందరి ఇంట్లోనే గోడకేసి తిరిగి ప్రార్థన చేసుకునేది. ఆ మృగం చావాలని కూడా ప్రభువును అడిగింది. అడిగినందుకు సిగ్గుపడలేదు.

మరుసటి ఏడు జీడిపళ్ల రోజుల్లో ఓ పొద్దున్న కేకలు వినిపించి పరిగెత్తింది. పక్క తోట గంగులు తాలూకు ఎండిపోయిన బావిలో ఎలుగు పడింది. మగవాళ్లంతా రాళ్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. గంగులు చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది. ఫోను చేస్తే, ఫారెస్టు వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందన్నారట.

"రా వదినా, నీ కోసమే ఆగినాం" అన్నాడు గంగులు. "అన్నని పాడు సేసింది ఇదో, దీని సుట్టమో. నువ్వొక్క మాట సెప్పు, నిప్పెట్టేస్తాం."

ఆమె లోపలికి వంగి చూసింది. ఎలుగు రాళ్లను గోళ్లతో గీరుతూ లేస్తోంది, జారి పడుతోంది. దాని వీపు మీద పిల్ల బొచ్చులో మొహం దాచుకుని ఉంది. తల్లి తల ఎత్తింది. నల్లటి రొమ్ము మీద నెలవంకలా తెల్లటి చార. అంత అందంగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పాత కోపం మళ్లీ లేచింది. బెన్హర్ మొహాన్ని సృష్టించిన చెయ్యే దీన్నీ సృష్టించిందన్న ఆలోచన వచ్చేసరికి, ఆ కోపం దేవుడి మీదికి తిరిగింది.

ఎవరో రాయి విసిరారు. ఎలుగు అరుపుకు బావి గోడలు అదిరాయి. జ్ఞానసుందరి గట్టు మీద అడ్డంగా నిలబడింది.

"నిప్పెట్టొద్దు. ఆ కొబ్బరి దుంగ దించండి. అదే ఎక్కి పోతాది."

"పైకొచ్చి మన మీద పడితే?" అన్నారెవరో.

"మీరు ఊర్లోకి పోండి. నాను దించుతాను."

"మీ పాస్టరే సెప్తాడు గదేటి, మృగాల్ని ఏలుకోమని దేముడు మనిసికి సెప్పినాడని" అన్నాడు గంగులు.

"ఏలుకోమన్నాడు. కాల్సెయ్యమన్నాడేటి?"

ఎవరూ కదల్లేదు. ఆమె వెళ్లి గట్టు పక్కన పడున్న దుంగను ఎత్తబోయింది. ఒక కొస మాత్రమే లేచింది. గంగులు తిట్టుకుంటూ డబ్బా కింద పెట్టి రెండో కొస పట్టాడు. దుంగ లోపలికి జారగానే ఎలుగు దాని మీద పంజా విసిరింది. జనం ఊరి వైపు పరుగెత్తారు. వీళ్లిద్దరూ పక్కనే ఉన్న మోటారు షెడ్డులో దూరి తలుపేసుకున్నారు.

చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత దుంగ మీద గోళ్ల చప్పుడు. గట్టు మీదికి ముట్టె వచ్చింది, భుజాలు వచ్చాయి, పిల్ల వచ్చింది. ఎలుగు రెండు కాళ్ల మీద లేచి, షెడ్డు వైపు తిరిగి గాలి పీల్చింది. గంగులు ఆమె చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు. ఎలుగు మెల్లగా నేల మీదికి వాలి చెట్లలోకి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చేసరికి బెన్హర్‌కు సంగతి తెలిసిపోయింది.

"వదిలేసినావట."

"ఊఁ."

"నన్నోపాలి అడగాలనిపించలేదా?"

"అడిగితే సంపమందువు" అంది జ్ఞానసుందరి. "అందుకే అడగలేదు."

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా బతిమాలలేదు. మళ్లీ తోటకు వెళ్లి ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టింది గాని, కళ్లు మూసుకునే ధైర్యం రాలేదు.

తొలకరి పడ్డాక ఓ సాయంత్రం గంజి గిన్నె అందుకుంటూ బెన్హర్ అడిగాడు. "దాని పిల్ల ఎంతున్నాది?"

ఆమె రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించింది. అతను ఆ చేతుల మధ్య ఖాళీని ఒంటికంటితో చాలాసేపు చూశాడు.