అతుకు కింద అన్నం
సురబాయ రేవు గోదాముల్లో పాత ర్యాకులకు కొత్త రకం ర్యాకులను జత చేయడంలో సుకర్దీ తర్వాతే ఎవరైనా. అవి కొక్కేలవి, ఇవి బోల్టులవి. నడుమ ఇనుప పలక పెట్టి బిగిస్తాడు. మొదటి బరువు పైకెక్కగానే ఆ అతుకు కిందే చాప పరిచి, అరటాకు అన్నం పొట్లం విప్పుతాడు. పొట్టి మనిషి, చెవి వెనక లవంగం సిగరెట్టు. "నేను కలిపింది ఇంతవరకూ వెంట్రుకవాసి కదల్లేదు. రేవంతా నా చేతిమీదే నిలబడింది," అని తిన్నంతసేపూ చెబుతూనే ఉంటాడు.

మోకాళ్లు పట్టేసి నిచ్చెన ఎక్కలేక, ఈసారి పని అల్లుడు అర్యాంతోకు వదిలాడు. బియ్యం బస్తాలు పైకెక్కాయి. హమాలీలు మూగారు. సొంత మామే కింద కూర్చోనంటే, ఆ అతుకు వేసినవాణ్ని రేపు పనికెవరు పిలుస్తారు?

"ఏం పెద్దాయనా, ఇవాళ ఆకల్లేదా?" అన్నాడొకడు.

సుకర్దీ పొట్లం పట్టుకుని పైకే చూస్తున్నాడు. "బోల్టుల కొసలు లోపలికి పెట్టావేం అల్లుడూ? నేనెప్పుడూ బయటికే పెట్టేవాణ్ని."

"బయటికుంటే ఫోర్క్‌లిఫ్టు గుద్దుతోంది మావయ్యా. మీరు వేసినవాటి కొసలన్నీ వంగిపోయాయి."

హమాలీలు ఘొల్లుమన్నారు. సుకర్దీ ముఖం గంటు పెట్టుకుని చాప పరిచాడు. మొదటిసారి, ఒక్క గొప్పా చెప్పుకోకుండా సగం అన్నం తిన్నాడు. తర్వాత పక్కకు జరిగాడు.

"నిలబడ్డావేం? నీ అతుకేగా, కూర్చో."