గ్రహణం నాటి చికెన్ కూపన్లు

ఈ సాయంత్రం తార్నాకలో పిల్లల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చుంటే, గోడ మీది టీవీలో మా హాస్టల్ రూమ్మేటు కనిపించింది. నా ఒళ్లో పాప జ్వరంతో మూలుగుతోంది, భుజం మీద అది కక్కిన పాల మరక. టీవీలో ఆమె నలగని కోటు వేసుకుని, "మార్కెట్ కాస్త నీరసంగా ఉంది, కంగారు పడొద్దు, దీర్ఘకాలంలో కోలుకుంటుంది" అంటోంది. ఈ షేర్ల వాళ్లంతా ఇంతే. పెరిగితే ముందే చెప్పామంటారు, పడితే ఓపిక పట్టమంటారు. థర్మామీటరు చూసి మా డాక్టరు "దీర్ఘకాలంలో తగ్గుతుందమ్మా" అంటే నేను ఊరుకుంటానా? ఆమెకు మాత్రం ఆ మాటకే జీతం, కారు, గచ్చిబౌలి వైపు అద్దాల మేడలో సొంత గది. పాప పడుకున్నాక రాస్తున్న ఈ మాటల్లో అసూయ కనిపిస్తే, అది ఉన్నందుకే కనిపిస్తోంది.

ఎమ్మే ఎకనామిక్స్ చదివే రోజుల్లో క్యాంపస్ హాస్టల్లో మాది ఒకే గది. నాది అనంతపురం వైపు, ఆమెది నల్లగొండ దగ్గర వ్యవసాయం చేసే ఇల్లు. పుస్తకం నేను చదివేదాన్ని, వ్యాపారం ఆమె చేసేది. ఆదివారం మధ్యాహ్నం మెస్సులో చికెన్‌కు మనిషికొక కూపన్. ఎవరు ఒక్కపొద్దు ఉంటారో, ఎవరు ఊరికి పోతారో ఆమెకు నోటికి వచ్చు. తన వంతు వేడినీళ్ల బకెట్ వాళ్లకిచ్చి కూపన్లు ముందే తీసుకునేది. వాటిని ఆకలి మీదున్న వాళ్లకిచ్చి, వాళ్లు కష్టపడి రాసుకున్న నోట్సు పట్టుకొచ్చేది. ఫస్ట్ క్లాసు నాకు వచ్చింది, ఉద్యోగం ఆమెకు వచ్చింది.

ఒక చలికాలం, పరీక్షల ముందు, ఆ చలికాలం మొత్తానికి తన వేడినీళ్ల వంతులన్నీ రాసిచ్చి, ఒకే ఆదివారానికి హాస్టలంతా తిరిగి దొరికిన కూపన్లన్నీ పోగేసింది.

"ఆ రోజు సూర్యగ్రహణం కదే. ఎవరు తింటారు?" అన్నాను. నాకు గ్రహణం మీద పెద్ద నమ్మకమేం లేదు, అన్నిటి మీదా ఉన్న భయమే దాని మీదా ఉంది.

"గివన్నీ చూస్తే బిజినెస్ ఎట్ల అయితది? ఎమ్మే చదివే పోరీలు గ్రహణం పాటిస్తరానే?"

పాటించారు. తలుపులు వేసుకుని మంచినీళ్లు కూడా ముట్టలేదు. మెస్సులో గిన్నెల నిండా చికెన్, చేతి నిండా కూపన్లతో ఆమె, తినకుండా తోడు కూర్చున్న నేను. వేడినీళ్ల వంతులన్నీ పోయాయి కనుక ఆ చలికాలమంతా ఆమెకు చన్నీళ్లే. పళ్లు టకటకలాడిస్తూ గదిలోకి వచ్చి పకపకా నవ్వేది. నాకు కుళ్లు మొదలైంది అప్పుడే. లాభం ఎవరైనా చూస్తారు, నష్టపోయి అలా నవ్వడం నాకు ఈ జన్మకు రాదనిపించింది.

పోయిన వారం ఫోన్ చేసింది. "మా ఆఫీసుల ఒక పోస్టు ఉన్నదే. డబ్బు పెట్టే ముందు, ఇది ఎట్ల మునుగుతదో ఆలోచించేటోళ్లు కావాలె. నీ పేరు చెప్పిన. వారం లోపల చెప్పు."

"నా పేరెందుకు? ఇన్నేళ్లుగా ఇంట్లో ఉన్నాను."

"నీకు అన్నిటికీ భయమే కదనే. గీడ దానికే జీతమిస్తరు. గ్రహణం సంగతి నువ్వు చెప్పినవ్, నేను ఇనలే. గా చన్నీళ్లు ఇంకా మర్వలే."

పాప చిన్నది, చూస్తానన్నాను. అసలు సంగతి, ఆమె నీడలో కూర్చోవడం నాకిష్టం లేదు. గడువు రేపటితో అయిపోతుంది. క్లినిక్ నుంచి వచ్చి, పాపకు మందు పట్టి, ఒళ్లు కాస్త చల్లబడ్డాక, ఆ చన్నీళ్ల మాటే మనసులో తిరుగుతుంటే ఆమెకు మెసేజ్ పెట్టాను. "వస్తాను. కానీ పాపకు జ్వరమొస్తే సెలవిస్తారా? క్యాబ్ దొరక్కపోతే? నాకు ఆ పని రాకపోతే?"

వెంటనే జవాబు వచ్చింది. "సూడు, చేరకముందే పని షురూ చేసినవ్. రా."

ఆ కోటు మీద నా కుళ్లు ఇంకా పోలేదు. కానీ నేను ఎప్పుడో భయంతో అన్న ఒక్క మాటను ఆమె ఆ చలితో పాటే ఇన్నాళ్లూ దాచుకుందని నాకు తెలియడానికి ఇంత కాలం పట్టింది.