ఆపైన ఏటైనాది?

పలాసలో నాకు జీడిపప్పు కొట్టుంది. గుండు గుండే, బద్ద బద్దే, ముక్క ముక్కే. ముక్కని గుండని అంటగట్టానంటే కొన్నవాడు మర్నాడే తెచ్చి మొహాన కొడతాడు. టీవీలో కళల కార్యక్రమాలు నడిపేవాళ్లకి ఆ భయం లేదు. వాళ్లకి ప్రతిదీ మహాద్భుతమే. డోలు ఎత్తినా అపూర్వమే, దించినా అపూర్వమే. వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను తిట్లు మొదలుపెట్టగానే మా ఆవిడ రిమోట్ దాచేస్తుంది.

అలాంటి నేను ఓ రోజు అలాంటి కార్యక్రమానికే మా అమ్మనీ మావయ్యనీ దగ్గరుండి తీసుకెళ్లాల్సి వచ్చింది. మావాళ్లు జముకుల కథ చెబుతారు. కుంచం లాంటి దానికి తోలు బిగించి, లోపల కట్టిన తీగని మీటితే జుమ్ జుమ్ అంటుంది. అదే జముకు. జలంత్రకోట చుట్టుపక్కల తోటల్లో పని లేని రోజుల్లో మా పెద్దమ్మ కథ చెప్పేది, ఆమె తమ్ముడు మావయ్య జముకు మీటుతూ వంత పలికేవాడు. పెద్దమ్మకి కిడ్నీలు పాడయ్యాక కథ అమ్మ చేతికొచ్చింది. ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో ఈ జబ్బుకి వివరం అడిగేవాళ్లుండరు.

టెక్కలిలో ఒక కేబుల్ చానల్ వాళ్లు లైవ్‌లో అరగంట ఇస్తామన్నారు. ఆ టైముకి పెద్దమ్మ పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద ఉంటుంది. అక్కడి నర్సమ్మ తన ఫోన్లో చూపిస్తానంది. ముందురోజు పెద్దమ్మ అమ్మకి ఒకటే మాట చెప్పింది.

"పిల్ల పుట్టింటికి సేరిన పాట పాడకండా రాకే. మంగళం అవ్వని కథ ఇంటికి మంచిది కాదు. నానక్కడ సూత్తుంటాను."

ఆ కథ ఏడుగురన్నల ఒక్క చెల్లెలిది. అత్తింట్లో నానా అగచాట్లూ పడి, ఏరు దాటి, చివరికి పుట్టిల్లు చేరుతుంది. ఆ చివరి పాట పెద్దమ్మ సొంతంగా కట్టింది. ఇప్పుడు పాడే ఊపిరి ఆమెకి లేదు, చెల్లెలి గొంతులో వినాలి. నేను నోరు మూసుకుని వెళ్లింది అందుకే.

స్టూడియో అంటే చెప్పుల షాపు మీద మేడగది. లైట్లు వెలగగానే యాంకరు చేతులు చాచి, రాగం తీస్తూ మొదలెట్టాడు.

"మీ హృదయాలను ఉర్రూతలూగించే, నభూతో నభవిష్యతి అనదగ్గ మహత్తర కళాఖండం!"

వంతకి ఒక ధర్మం ఉంది. పక్కవాళ్లు రాగం తీసి మాట ఆపితే వెంటనే అందుకోవాలి. అందుకోకపోతే కథ చెప్పేవాళ్లని అవమానించినట్టు. ముప్పొద్దులా అదే అలవాటైన మావయ్య జముకు మీటి అడిగేశాడు.

"ఔను నాయినా! ఆపైన ఏటైనాది?"

యాంకరు తడబడి, సర్దుకున్నాడు. "మీరు కనీవినీ ఎరుగని అద్వితీయమైన అనుభూతి!"

జుమ్. "ఆహా! అద్వితీయమే! ఆపైన ఏటైనాది?"

"తరతరాల మన సంస్కృతికి మకుటాయమానం!"

"ఔనౌను! మకుటమే! మరాపైన?"

ఆపైన ఏముంది, వాడి బొంద! అంతసేపట్లో ఎవరూ పుట్టలేదు, ఎవరూ బయల్దేరలేదు, ఎవరూ ఏరు దాటలేదు. ఇన్నాళ్లూ నేను టీవీ ముందు తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, మావయ్య ఒక్క ప్రశ్న ఒక ఎత్తు. నా కడుపు చల్లబడింది. కెమెరా పట్టుకున్నాయన నవ్వాపుకోలేకపోతే తెర మీద మేమంతా ఊగామట, తర్వాత నర్సమ్మ చెప్పింది.

గోడ గడియారం వైపు చూశాక నాకు నవ్వు పోయింది. పొగడ్తలకే సగం టైము హరించుకుపోయింది. అమ్మ గబగబా కథ అందుకుని, పిల్లని ఏటి ఒడ్డుకి తెచ్చి, మొలలోతు నీళ్లలోకి దించింది. అంతలో యాంకరు అడ్డొచ్చి సమయాభావం అన్నాడు. ఆ అభావం గురించి, ఈ అద్భుతం గురించి ఎంతసేపు మాట్లాడాడంటే, ఆ టైములో పిల్ల పుట్టిల్లు చేరి అన్నం కూడా తినేసేది. లైట్లు ఆరిపోయాయి.

పలాస బస్సెక్కాం. నేను వాణ్ణి తిడుతూనే ఉన్నాను. ఆసుపత్రి నుంచి ఫోనొస్తే స్పీకర్లో పెట్టాను.

"ఏటే, పిల్లని ఏట్లో ఒగ్గీసి వచ్చీసినారేటే?" పెద్దమ్మ గొంతు సన్నగా వినబడింది.

"ఆడు పాడనిచ్చినాడేటప్పా? ఉండు, ఇప్పుడు పాడతాను, ఇను," అంది అమ్మ అక్కతో.

బస్సులో జనం తిరిగి చూశారు. అమ్మ పట్టించుకోలేదు. మొదటి చరణం పాడి ఆపింది. మావయ్య జముకు అందుకోబోయి ఆగిపోయాడు. ఫోన్లోంచి ఆయాసపడుతూ వంత వచ్చింది.

"ఔను సెల్లీ... ఆపైన ఏటైనాది?"

ఎప్పుడూ తనే కథ చెప్పిన మనిషి. ఆమె వంత పలకడం నేను పుట్టాక వినలేదు. నాకు ఏడుపొచ్చి కిటికీ వైపు తిరిగాను. అమ్మ గొంతు సవరించుకుని, పిల్లని ఏరు దాటించి, పుట్టింటి గడప ఎక్కించి, మంగళం పాడింది.

ఎలా పాడిందని ఇప్పటికీ అడుగుతారు. బాగా పాడింది అంటాను. అంతకు మించి ఒక్క మాట చేర్చను.