ఎమ్ యాడీ

సూది వేసే ముందు నర్సు స్పిరిట్ దూదితో చెయ్యి తుడుస్తుంది చూడండి, ఆ చల్లదనం, ఆ ఘాటు తగిలితే చాలు, వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తుంది నాకు. మొన్న జనగామ దవాఖానలో కూడా తల తిప్పి చూశాను. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆ వాసన మధ్యే సుగుణ మేడం దగ్గర రెండేళ్లు పనిచేశాను. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆమె ఎలాంటి మనిషో మీకు తెలియాలంటే నేను చేసిన ఒక వెధవ పని గురించి చెప్పక తప్పదు.

మనుషుల తల్లి వరసలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో వెతకడం మేడం పని. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఊళ్లు, తండాలు తిరిగేవాళ్లం. ఒప్పుకున్నవాళ్ల బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి, స్పిరిట్ సీసాలో వేసి మూత పెట్టేవాళ్లం. మాది లింగాల ఘనపూర్. ఎమ్మెస్సీ చేసి ఖాళీగా ఉన్న నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నారామె. హాప్లోగ్రూపు అంటే ఏమిటో పుస్తకంలో చదివే ఉన్నాను కానీ, మొదటి రోజు ఆమె చెప్పాకే అది నాకు అర్థమైంది. "సూడు స్వరూపా, తల్లి బిడ్డకిచ్చేదాంట్ల ఒకటి మారకుంట వస్తది. ఎప్పుడో, యాడనో ఒక తల్లి దగ్గర జర మారుతది. ఇగ ఆమె బిడ్డలు, బిడ్డల బిడ్డలు అందరు గా మార్పు మోసుకుంటనే తిరుగుతరు. గా గుంపుకు ఒక అక్షరం పెడతం." ఆ మొదటి తల్లి పేరేమిటని అడిగాను. "పేరు ఎవరికెరుక? కానీ ఆమె యాడికి పోలేదు. నీ నోట్లనే ఉన్నది," అన్నారు మామూలుగా. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ అద్దంలో నా నోటి వంక చూడటానికి భయమేసింది.

నోటిలోంచి తీసుకున్నాక తిరిగి చెప్పకపోతే అది దొంగతనమే అనేవారు మేడం. అందుకే ప్రతి మనిషికీ తెలుగులో ఒక కాగితం ఇచ్చేవాళ్లం. ఆ కాగితాలు రాసేదాన్ని నేను. హాప్లోగ్రూపు అన్నచోట 'తల్లి వరస గుంపు' అని రాయమన్నారామె. నాకది చప్పగా అనిపించింది. ఒకసారి ఆమె ఊళ్లో లేనప్పుడు, నా మీద నమ్మకంతో ముందే సంతకం పెట్టి ఉంచిన కాగితాల మీద 'తల్లి గోత్రం' అని రాసి పంచేశాను. జనానికి ఇట్టే తెలుస్తుందని నా అతితెలివి.

పది రోజులకు జమున ఫోన్ చేసింది. బయ్యారం దగ్గరి తండా పిల్ల, డిగ్రీ చదువుతోంది. ఆ తండాలో అందరికన్నా ముందు మాకు నోరు తెరిచింది తనే. భూపాలపల్లి వైపు తండా అబ్బాయితో పెళ్లి ఖాయమైంది, ఇద్దరికీ ఇష్టం. ఇద్దరి కాగితాల్లోనూ 'తల్లి గోత్రం: ఎమ్' అని ఉంది. ఒకే గోత్రం వాళ్లు ఆ తండాల్లో తోబుట్టువుల కింద లెక్క. పెద్దలు పెళ్లి ఆపేశారు. జమున ఏడవలేదు, చాలా మెల్లగా అడిగింది. "అక్కా, ఆయిన నాకు అన్న అయితడా?" 

మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టలేదు. వెంటనే జీపు తీయించారు. ఎర్రమట్టి దారిలో ఒక్కసారి మాత్రం అన్నారు. "గోత్రమంటే ఎవరిని చేసుకోవద్దో చెప్పే మాట. మన అక్షరం యాడికెల్లి వచ్చినమో చెప్పేది. రెండు ఒక్కటెట్లయితయి?"

మిట్టమధ్యాహ్నం తండా నడుమ రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. ఆ మాట రాసింది నేనని లేచి చెప్పాల్సింది. నాకంటే ముందు మేడం లేచారు. "తప్పు మాట రాసిన. సంతకం నాది, తప్పు నాది." నేను తల దించుకుని కూర్చున్నాను. ఆమె సంచిలోంచి మా ఇద్దరి కాగితాలు తీసి చూపించారు. "గిది నాది, ఎమ్. గిది స్వరూపది, ఎమ్. మన దిక్కు ఎంతమందికో గిదే వస్తది. గీ లెక్కన వద్దంటే ఇగ ఎవరికి పెండ్లి కాదు. మీ పెద్దలు చెప్పిన గోత్రమే సూడున్రి."

 జమున నానమ్మ మంగ్లీ అవ్వ కర్ర పట్టుకుని లేచి, ఈ ఎమ్ ఎవరని అడిగింది. వేల ఏళ్ల కిందటి తల్లి అనీ, పేరు తెలియదనీ మేడం చెప్పారు. అవ్వ ముఖం మాడిపోయింది. "అంత పెద్దమనిషిని పిలువకుంట ఇన్నేండ్లు తింటున్నమా?" అంది. పండుగకు వాళ్లు నిప్పుల మీద నెయ్యి, బెల్లంబువ్వ వేసి చనిపోయిన పెద్దలను పేరుపేరునా పిలుస్తారు. పండుగ కాకపోయినా అవ్వ నిప్పులు తెప్పించింది. తన తల్లినీ, తల్లి తల్లినీ పిలిచింది, గుర్తున్న పేర్లు అయిపోయేదాకా పిలిచింది. అక్కడ ఆగి, గొంతు పెంచి, "ఎమ్ యాడీ," అంది. యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ. గాలి లేదు, అయినా పొగ నా వైపు వంగింది. ఎవరో "ఊఁ" అని పలికారు. ఎవరా అని చుట్టూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. పలికింది నా నోరే. నేను పలికినట్టు నాకు ఇప్పటికీ గుర్తులేదు. మేడం నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు, ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

పెద్దలు ఒప్పుకున్నారు, పెళ్లి జరిగింది. తిరుగుదారిలో కానీ, ఆ తరువాత కానీ మేడం నా తప్పు సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది. ఇప్పుడు ఏ కాగితం మీదైనా నేను రాసిన మాట కింద నా సంతకమే పెడతాను, వేరేవాళ్లను ముందే పెట్టనివ్వను. ఆమె నేర్పిన పనుల్లో నాకు సరిగ్గా అబ్బింది అదొక్కటే.

పోయిన చలికాలం ఆ తండాకు వెళ్లాను. జమున పుట్టింటికి వచ్చి ఉంది. కూతురికి నన్ను చూపిస్తూ, "తప్పు రాసిన మేడం ఉండె చూడు, ఆమె దగ్గర పనిచేసిన అక్క," అంది. తండాలో మేడంకు మిగిలిన పేరు అది. జీవితమంతా మాట తూచి వాడిన మనిషికి! ఆ మాట రాసింది నేనేనని అక్కడే, ఆ పిల్ల ముందే చెప్పేశాను. జమున ఆశ్చర్యపోలేదు.

"ఎరుకనే అక్కా. ఆనాడు నువ్వు తల ఎత్తలే కద. మా అవ్వకు గూడ ఎరుకనే. ఎన్నడన్న వచ్చి చెప్తదిలే అనేటిది. మొన్న ఎండాకాలంల అవ్వ పోయింది."

మేడం కూడా ఎదురుచూసే ఉంటారు.