తెగిన పోగు

సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచా మీద బట్ట నేసిన రాజేశం, ఆ మరమగ్గం అమ్మేసి మూడేళ్లయినా, ఏ బట్ట కనబడినా అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. బిడ్డ వనిత గలాపగోస్ దీవులకు తీసుకుపోతే, చిన్న ఓడలో అందరూ సముద్ర సింహాలను చూస్తుంటే ఆయన తువాళ్ల నేత చూశాడు. "బాపూ, గటు సూడరాదు!" అని వనిత విసుక్కుంది.

ఓడ దిగి పెరూ వెళ్లారు. అక్కడ ఇన్కా రాజుల నాటి కోటగోడ కింద ఒక ముసలామె నడుముకు మగ్గం కట్టుకుని నేస్తోంది. పోగు తెగింది. చూపు ఆనక ఆమె తడుముకుంటుంటే, రాజేశం పక్కన కూర్చుని కొసలు కలిపి ముడి వేశాడు. ఆమె ముడిని లాగి చూసి, నవ్వి, చాప మీద చోటిచ్చింది.

"బాపూ, అందరు కోట ఎక్కుతున్రు, జల్ది రా!"

"నువ్వు పో బిడ్డా," అన్నాడు తలెత్తకుండా. "నాకీడ పనున్నది."